ఫోటోలకు వేసిన లంకె ఎక్కడ ఉంటోంది? లైట్‌రూమ్, డిజికామ్, గూగుల్ ఫోటోస్, ఇమ్మిచ్‌లలో ఎవరికి ఏది

ఒక పెళ్లి ఫోటో ఉందనుకుందాం. అది 2019 పెళ్లిళ్లలో కనిపించాలి. పెదనాన్నగారి ఫోటోలు వెతికితే రావాలి. అన్నవరంలో తీసినవి అంటే అందులోనూ ఉండాలి. ఫ్రేము కట్టించాల్సిన వాటి జాబితాలోనూ ఉండాలి. దీనికోసం ఆ ఫోటోను నాలుగు ఫోల్డర్లలోకి నాలుగుసార్లు కాపీ చేసేవాళ్లు ఇప్పటికీ చాలామంది. ఏడాది తిరిగేసరికి ఏది అసలు, ఏది కాపీ, రంగులు సరిచేసింది ఎందులో అన్నది ఎవరికీ గుర్తుండదు. ఫోటోను ఒక్కచోటే ఉంచి, మిగతా చోట్ల నుంచి దానికి లంకె మాత్రం వేసుకోవడానికే ఫోటో నిర్వహణ సాఫ్ట్‌వేర్లు పుట్టాయి. వాటిలో నాలుగిటిని ఇక్కడ పోలుద్దాం: అడోబీ వాళ్ల లైట్‌రూమ్ క్లాసిక్, ఉచితంగా దొరికే డిజికామ్, గూగుల్ ఫోటోస్, ఇంటి సర్వర్ మీద నడిచే ఇమ్మిచ్.

చిక్కల్లా ఆ లంకెను, అంటే ఫోటోకు తగిలించే గుర్తు మాట (ట్యాగు), ముఖం పేరు, తేదీ, ఆల్బమ్ వంటివాటిని, ఆ సాఫ్ట్‌వేర్లు ఎక్కడ రాసుకుంటాయన్నదే. కొన్ని ఫోటో ఫైలు లోపలే రాస్తాయి. కొన్ని ఫోటో పక్కన అదే పేరుతో చిన్న ఫైలు పెడతాయి. కొన్ని తమ డేటాబేస్‌లో మాత్రమే దాచుకుంటాయి. కొన్నిటి విషయంలో అది మీ ఇంట్లోనే ఉండదు, కంపెనీ సర్వర్లో ఉంటుంది. కొత్తలో ఈ తేడా ఏమీ తెలియదు, అన్నీ ఒకేలా పనిచేస్తాయి. సాఫ్ట్‌వేర్ మార్చాల్సిన రోజున తెలుస్తుంది.

గూగుల్ ఉచితంగా ఇచ్చిన ఫోటో సాఫ్ట్‌వేర్ పికాసాను వాడినవాళ్లకు ఇది అనుభవమే. 2016 మార్చి 15 తర్వాత గూగుల్ దానికి మద్దతు ఆపేసింది. పికాసా జేపెగ్ ఫోటోలకు రాసిన వ్యాఖ్యల్ని ఫైలు లోపలే రాసేది కాబట్టి, అవి ఇవాళ ఏ సాఫ్ట్‌వేర్లో తెరిచినా కనిపిస్తున్నాయి. ముఖాలకు పెట్టిన పేర్లు మాత్రం మామూలుగా తన సొంత డేటాబేస్‌లో, ఫోల్డర్లలో దాచిన చిన్న ఫైళ్లలో ఉండేవి. ఆ పేర్లు చాలా ఇళ్లలో అక్కడే ఆగిపోయాయి. ఒకే మనిషి, ఒకే సాయంత్రం, ఒకే సాఫ్ట్‌వేర్లో చేసిన రెండు పనుల్లో ఒకటి మిగిలింది, ఒకటి పోయింది. కింద చెప్పేదంతా ఈ కోణంలో చదవండి.

## ముందు ఏమేం చూడాలి

లంకె ఎక్కడ రాస్తుంది? ట్యాగులు, ముఖాల పేర్లు, వివరణ, తేదీ, ఆల్బమ్. ఈ ఐదింటినీ విడివిడిగా అడగాలి, ఎందుకంటే ఒకే సాఫ్ట్‌వేర్ ఒక్కోదాన్ని ఒక్కోచోట పెడుతుంది.

ఫైలును బయట నుంచి కదిలిస్తే? ఇంట్లో మరొకరు ఫోల్డర్ పేరు మార్చినా, హార్డ్ డిస్క్ వేరే యూఎస్‌బీలో పెట్టినా లంకె నిలుస్తుందా?

డిలీట్ నొక్కితే పోయేది లంకెనా, ఫోటోనా? పోలికల్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, నష్టం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. లైట్‌రూమ్ కలెక్షన్‌లో (ఎంచుకున్న ఫోటోల జాబితాలో) డిలీట్ కొడితే ఆ కలెక్షన్ నుంచి మాత్రమే పోతుంది, ఫైలు చెక్కుచెదరదు. డిజికామ్‌లో ట్యాగ్ తెరిచి చూస్తూ డిలీట్ కొడితే ఫైలే చెత్తబుట్టలోకి వెళ్తుంది. అక్కడ ట్యాగ్ తీసేయడం వేరే ఆదేశం. గూగుల్ ఫోటోస్‌లో ఆల్బమ్ నుంచి తీసేయడం ఒకటి, బుట్ట బొమ్మ నొక్కడం ఇంకొకటి. బుట్ట నొక్కితే సర్వర్లోదీ ఫోన్‌లోదీ రెండూ పోతాయి. బ్యాకప్ అయిన ఫోటో 60 రోజులు, కానిది 30 రోజులు చెత్తబుట్టలో ఉంటుంది.

ఫోన్, ఖర్చు, ఇంట్లో మిగతావాళ్లు. వీటి గురించి వివరించక్కర్లేదు. ఒక్క మాట: పిల్లలు అమెరికాలో ఐఫోన్లతో, పెద్దవాళ్లు ఊళ్లో ఆండ్రాయిడ్ ఫోన్లతో ఉన్న ఇంటికి రెండిటిలోనూ నడిచేదే పనికొస్తుంది.

| | లైట్‌రూమ్ క్లాసిక్ | డిజికామ్ | గూగుల్ ఫోటోస్ | ఇమ్మిచ్ |
|---|---|---|---|---|
| ఫోటోలు ఉండేది | మీ డిస్క్‌లో | మీ డిస్క్‌లో | గూగుల్ సర్వర్లో | మీ ఇంటి సర్వర్లో |
| ట్యాగులు | క్యాటలాగ్ అనే సొంత ఫైల్లో, అడిగితే ఫైల్లోనూ | డేటాబేస్‌లో, ఫైల్లోనూ | ట్యాగుల పద్ధతి లేదు | డేటాబేస్‌లో, పక్క ఫైల్లోనూ |
| ముఖాల పేర్లు | క్యాటలాగ్‌లో, అడిగితే ఫైల్లోనూ | డేటాబేస్‌లో, ఫైల్లోనూ | సర్వర్లో మాత్రమే | డేటాబేస్‌లో |
| ఆల్బమ్ అంటే | క్యాటలాగ్‌లోని జాబితా | డిస్క్ మీది ఫోల్డరే | సర్వర్లోని జాబితా | డేటాబేస్‌లోని జాబితా |
| ఫైలు బయట కదిలితే | లంకె తెగుతుంది | చాలావరకు తనే పట్టుకుంటుంది | ఆ సమస్య లేదు | మీ పాత ఫోల్డర్లనే చూపించే ‘బయటి లైబ్రరీ’లోదైతే కొత్త ఫోటో అనుకుంటుంది |
| ఖర్చు | చందా | ఉచితం | 15 జీబీ దాకా ఉచితం | సాఫ్ట్‌వేర్ ఉచితం, యంత్రం మీది |
| లైనక్స్‌లో | రాదు | వస్తుంది | బ్రౌజర్లో | సర్వర్ నడిచేదే లైనక్స్ మీద |

## లైట్‌రూమ్ క్లాసిక్: పని వేగం, పెళుసు లంకె

అడోబీ వాళ్లది లైట్‌రూమ్ అని ఒకటి, లైట్‌రూమ్ క్లాసిక్ అని ఒకటి ఉన్నాయి. మొదటిది క్లౌడ్ ఆధారంగా నడిచేది. సొంత డిస్క్‌లో వేల ఫోటోలు పెట్టుకుని పనిచేసేవాళ్లు అడిగేది క్లాసిక్. ఇక్కడ చెబుతున్నది దాని గురించే.

ఇది ఫోటోలను తనలోకి తీసుకోదు. ‘ఫలానా డిస్క్, ఫలానా ఫోల్డర్, ఫలానా ఫైలు’ అన్న చిరునామాను క్యాటలాగ్ అనే ఫైల్లో రాసుకుంటుంది. కాబట్టి చిరునామా మారితే ఫోటో కనిపించదు. విండోస్‌లో తరచూ జరిగేది ఇది: నిన్నటిదాకా ‘ఈ’ డ్రైవ్‌గా ఉన్న పోర్టబుల్ డిస్క్, ఇవాళ ఇంకో పెన్ డ్రైవ్ ముందే పెట్టి ఉండటంతో ‘ఎఫ్’ అయి కూర్చుంటుంది. ఫోల్డర్లన్నిటి మీదా ప్రశ్నార్థకాలు వస్తాయి. చాలామంది కంగారుపడి ఫోటోలన్నిటినీ మళ్లీ ఇంపోర్ట్ చేస్తారు. అదే అసలు తప్పు. అలా చేస్తే పాత రంగుల సవరణలు, కలెక్షన్లు ఉన్న ఎంట్రీలు అనాథలై, ఏమీ లేని కొత్త ఎంట్రీలు పక్కన చేరతాయి. చేయాల్సింది ఇది: డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పాత అక్షరాన్నే ఆ డిస్క్‌కు తిరిగి ఇవ్వండి. లేదా ఫోల్డర్ల పానెల్‌లో అన్నిటికంటే పైనున్న ఫోల్డర్ మీద కుడి బటన్ నొక్కి, ‘ఫైండ్ మిస్సింగ్ ఫోల్డర్’ ఎంచుకుని, కొత్త చోటు చూపించండి. పై ఫోల్డర్‌ను సరిచేస్తే కింద ఉన్నవన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి. పై ఫోల్డర్ జాబితాలో లేకపోతే ముందు ‘షో పేరెంట్ ఫోల్డర్’ నొక్కాలి.

ఒక్కో ఫోటో మీద ఆశ్చర్యార్థకం ఉంటే దాన్ని నొక్కి ‘లొకేట్’ అనండి. ‘ఫైండ్ నియర్‌బై మిస్సింగ్ ఫోటోస్’ పెట్టెలో టిక్ ఉంటే ఒక ఫోటో చూపించగానే పక్కన ఉన్నవాటినీ కలుపుకుంటుంది. ఇదంతా రాకుండా ఉండాలంటే, ఫోల్డర్లు కదపాల్సి వచ్చిన ప్రతిసారీ లైట్‌రూమ్ లోపలి నుంచే లాగి వేయాలి.

రెండో విషయం. కీవర్డ్‌లు (ట్యాగులకు ఇక్కడి పేరు), ముఖాల పేర్లు, రేటింగ్‌లు మామూలుగా క్యాటలాగ్‌లోనే ఉండిపోతాయి. క్యాటలాగ్ సెట్టింగ్స్‌లో మెటాడేటా (ఫోటో గురించిన వివరాలు) ట్యాబ్ కింద ‘ఆటోమేటిక్‌గా ఎక్స్‌ఎంపీలోకి రాయి’ అన్న పెట్టె ఉంటుంది. ఎక్స్‌ఎంపీ అంటే ఆ వివరాలను రాసే పద్ధతి. మొదట్లో దానికి టిక్ ఉండదు. టిక్ పెడితే జేపెగ్, డీఎన్‌జీ ఫైళ్లకు లోపలే రాస్తుంది. కెమెరా కంపెనీల సొంత రా ఫైళ్లకు (ముడి ఫోటో ఫైళ్లకు) పక్కన ఎక్స్‌ఎంపీ ఫైలు పెడుతుంది. వేల ఫోటోలున్న క్యాటలాగ్ దీంతో నెమ్మదిస్తే, పెట్టె ఖాళీగా వదిలి, పని ముగిశాక అన్నీ ఎంచుకుని కంట్రోల్, ఎస్ నొక్కవచ్చు. ఎలా చేసినా కలెక్షన్లు, స్టాక్‌లు (ఫోటోల దొంతరలు), వర్చువల్ కాపీలు (ఒకే ఫోటోకు వేరే సవరణలతో ఉంచుకునే రూపాలు) ఫైల్లోకి రావు. కలెక్షన్ బతకాలంటే అందులోని ఫోటోలన్నిటికీ అదే పేరుతో ఒక కీవర్డ్ కూడా వేయాలి.

నిష్క్రమించేటప్పుడు బ్యాకప్ చేయమంటారా అని అడుగుతుంది కదా, అది క్యాటలాగ్ బ్యాకప్ మాత్రమే. అందులో ఒక్క ఫోటో కూడా ఉండదు. ఇది తెలియక ఫోటోలు పోగొట్టుకున్న స్టూడియోలు ఉన్నాయి.

ఎవరికి మంచిది: పెళ్లిళ్లు తీసే ఫోటోగ్రాఫర్లకు, రా ఫైళ్ల మీద రోజూ పనిచేసేవాళ్లకు. ఒక పెళ్లిలో రెండు కెమెరాల గడియారాలు కలవకపోతే సర్దడం కూడా ఇందులో తేలిక. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం రెండు కెమెరాల్లోనూ ఉంటుంది. ఆ రెండు ఫోటోల సమయాలు పోల్చి తేడా కనుక్కోండి. రెండో కెమెరా ఫోటోలన్నీ ఎంచుకుని, ఆ క్షణం నాటి ఫోటో ముందు కనిపించేలా పెట్టుకుని, ‘ఎడిట్ క్యాప్చర్ టైమ్’లో సరైన సమయం ఇస్తే మిగతావి అంతే తేడాతో జరుగుతాయి. అమెరికా నుంచి వచ్చిన బంధువు కెమెరా గడియారం మార్చకపోయినా ఇదే మందు. ఎండాకాలంలో షికాగో సమయానికీ మనకూ పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర. ఆ అర గంట ఉంది కాబట్టి, గంటల్లో జరిపే పద్ధతి వదిలి, కచ్చితమైన సమయం ఇచ్చే పద్ధతే ఎంచుకోండి.

ఇంటి ఫోటోలు సర్దుకోవడానికి మాత్రమే అయితే దీనికి చందా కట్టడం దండగ. చందా ఆపేశాక కూడా క్యాటలాగ్ తెరుచుకుంటుంది, ఫోటోలు వెతకవచ్చు, బయటికి తీయవచ్చు. డెవలప్, మ్యాప్ భాగాలు మాత్రం మూతపడతాయి.

## డిజికామ్: ఇంటి చరిత్ర రాసుకునేవాళ్లకు

కేడీఈ అనే ప్రోగ్రామర్ల సమాజం తయారుచేస్తున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇది. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడిటిలోనూ వస్తుంది. చూడటానికి పాతకాలపు తెరలా ఉంటుంది, మెనూలు ఎక్కువ. మొదటి వారం విసుగు పుట్టిస్తుంది. అయినా, తరతరాల ఫోటోలు పెట్టుకున్న ఇంటికి ఈ నాలుగిటిలో మా ఓటు దీనికే. కారణం ఒక్కటే: పేర్లను, ట్యాగులను, తేదీలను ఫైల్లోకి రాయడం దీనికి అసలు పనుల్లో ఒకటి.

ఇందులో ఆల్బమ్ అంటే డిస్క్ మీద ఫోల్డరే. ఒక ఫోటో ఒక ఆల్బమ్‌లోనే ఉంటుంది. నాలుగు చోట్ల కనిపించాలంటే ట్యాగులు వాడాలి. ట్యాగులకు చెట్టులా కొమ్మలు పెట్టవచ్చు: మనుషులు, ఊళ్లు, సందర్భాలు, చేయాల్సిన పనులు. ‘సందర్భాలు’ కింద ‘పెళ్లి’, దాని కింద ‘స్నాతకం’, ‘తలంబ్రాలు’, ‘అప్పగింతలు’ ఇలా.

మొదటిసారి పెట్టుకునేటప్పుడు చేయాల్సినవి:

1. డేటాబేస్ చోటు అడిగితే కంప్యూటర్ లోపలి డిస్క్‌నే చూపండి. డిజికామ్ మామూలుగా వాడే ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌ను నెట్‌వర్క్ డిస్క్ మీద పెడితే పాడయ్యే ప్రమాదం ఉంది. ఫోటోలు ఎక్కడున్నా ఫరవాలేదు.
2. సెట్టింగ్స్‌లో మెటాడేటా విభాగానికి వెళ్లి, ట్యాగులు, ముఖాల ట్యాగులు, వ్యాఖ్యలు, తేదీలు, రేటింగ్‌లు ఫైల్లో రాయమన్న పెట్టెలన్నిటికీ టిక్ పెట్టండి.
3. అక్కడే సైడ్‌కార్ ట్యాబ్‌లో పక్క ఫైళ్లను చదవడం, రాయడం రెండూ ఆన్ చేయండి. లైట్‌రూమ్ నుంచి వచ్చినవాళ్లయితే, పక్క ఫైలు పేర్లు వాణిజ్య సాఫ్ట్‌వేర్లతో కలిసేలా చేసే ఎంపికకూ టిక్ పెట్టాలి. ఎందుకంటే పక్క ఫైలు పేరులో డిజికామ్ ఫోటో పొడిగింపును కూడా ఉంచుతుంది, లైట్‌రూమ్ తీసేస్తుంది. ఒకదాని ఫైలు మరొకదానికి కనిపించదు.
4. పోర్టబుల్ డిస్క్‌ను ‘రిమూవబుల్ మీడియా’ కింద చేర్చండి. ‘లోకల్ కలెక్షన్స్’ కింద కాదు.

ఫోల్డర్ పేరు బయట నుంచి మార్చినా, తర్వాతిసారి తెరిచినప్పుడు ఫైలు లోపలి గుర్తును, సైజును చూసి చాలావరకు పాతదేనని పట్టుకుంటుంది. అది విఫలమైనా నష్టం లేదు. ఫైల్లో రాసి ఉంది కాబట్టి మళ్లీ చదువుకుంటుంది. అనుమానం వస్తే ‘మెయింటెనెన్స్’లో మెటాడేటాను, డేటాబేస్‌ను సరిచూసే పని ఉంది. అందులో ఎటు నుంచి ఎటు రాయాలో మీరే ఎంచుకోవాలి. ఈ దిశ తిరగేస్తే కొత్త ట్యాగులు పాతవాటితో చెరిగిపోతాయి, నిదానంగా చదివి నొక్కండి.

ఫైల్లోకి రాయని విషయం ఒకటుంది. రా ఫైలును, దాని జేపెగ్‌ను ఒక గుంపుగా కట్టే సౌకర్యం డేటాబేస్‌లోనే ఉంటుంది. డేటాబేస్ పోతే ఫైలు పేరును బట్టి మళ్లీ గుంపు కట్టుకోవాలి. అదేమంత పెద్ద పని కాదు.

ఫైల్లోకి రాయడానికీ ఒక మూల్యం ఉంది. రాసిన క్షణం నుంచి అది కొత్త ఫైలు కిందే లెక్క. ట్యాగు వేయకముందు గూగుల్ ఫోటోస్‌లోకి పంపి, ట్యాగు వేశాక మళ్లీ పంపితే అక్కడ ఒకే ఫోటో రెండు అవుతుంది. ముందు ట్యాగు వేయండి, తర్వాతే పైకి పంపండి.

### తెలుగులో ట్యాగులు పెట్టేటప్పుడు

ట్యాగులు తెలుగు లిపిలో నిక్షేపంగా పెట్టుకోవచ్చు. రెండు చోట్ల జాగ్రత్త అవసరం.

ఒకటి, ఫైల్లో వివరాలు రాసే పాత ఐపీటీసీ పద్ధతిలో ఒక కీవర్డ్‌కు 64 బైట్లే హద్దు. కంప్యూటర్లు అక్షరాలు దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. గుణింతపు గుర్తులు, పొల్లు కూడా లెక్కలోకి వస్తాయి. ‘బాబాయి గారి పెద్దమ్మాయి’ అన్న ట్యాగు ఖాళీలతో కలిపి 65 బైట్లు. ఒక్క బైటు ఎక్కువై చివరి గుడి కూలిపోతుంది. ఎక్స్‌ఎంపీలో ఈ హద్దు లేదు. కానీ పాత పద్ధతి మాత్రమే చదివే సాఫ్ట్‌వేర్లు ఇంకా వాడుకలో ఉన్నాయి కాబట్టి ట్యాగు పొట్టిగా పెట్టి, కథంతా వ్యాఖ్యలో రాయడం మేలు.

రెండోది కంటికి కనిపించని చిక్కు. ‘విజయ్‌కుమార్’ అని రాయడానికి కొన్ని కీబోర్డులు య్ తర్వాత కనిపించని ఒక అడ్డుగుర్తును వేస్తాయి. అది లేకపోతే ‘విజయ్కుమార్’ అని కింద వత్తు పడుతుంది. ఒకరు ఫోన్‌లో ఒకలా, మరొకరు కంప్యూటర్లో మరోలా కొడితే రెండు వేర్వేరు ట్యాగులు తయారవుతాయి, వెతికితే సగం ఫోటోలే వస్తాయి. ట్యాగును ప్రతిసారీ టైపు చేయకుండా ఉన్న జాబితా నుంచే ఎంచుకుంటే ఇది రాదు. పేర్ల మధ్య ఖాళీ వదిలి ‘విజయ్ కుమార్’ అని పెట్టుకున్నా సరిపోతుంది.

ముఖాలకు వరసలతో పేర్లు పెట్టకండి. ఒకే మనిషి ఒకరికి అమ్మమ్మ, ఒకరికి నాయనమ్మ, ఒకరికి అత్తయ్య. ఇంటిపేరుతో సహా అసలు పేరే పెట్టండి. తాతగారి పేరు మనవడికి పెట్టే ఇళ్లలో ఇద్దరు సత్యనారాయణలు ఉండనే ఉంటారు. పేరు పక్కన పుట్టిన సంవత్సరం వేస్తే, ‘సత్యనారాయణ 1931’, ‘సత్యనారాయణ 1988’ కలవవు.

స్కాన్ చేసిన పాత ఫోటోలకు తేదీ తప్పకుండా మార్చాలి, లేకపోతే అవన్నీ స్కాన్ చేసిన రోజు కిందే కుప్పపడతాయి. ఏడాది మాత్రమే తెలిస్తే 1968 జనవరి 1 అని వేసి, ‘తేదీ అంచనా’ అని ఒక ట్యాగు కలపండి. ఈ తేదీని ఫైలు లోపలి ఎగ్జిఫ్‌లోనే (తీసిన తేదీ, చోటు వంటివి ఉండే భాగంలోనే) రాయాలి. పెన్ డ్రైవ్‌లలో వాడే ఫ్యాట్ పద్ధతిలో ఫైలు తేదీ 1980 నుంచే మొదలవుతుంది, అంతకు ముందటిది అక్కడ పట్టదు.

వాట్సాప్‌లో వచ్చిన ఫోటోల్లో ఎగ్జిఫ్ ఉండదు, తీసిన తేదీ, చోటు పంపేటప్పుడే పోతాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో అయితే ఫైలు పేరులో అందిన తేదీ ఉంటుంది. డిజికామ్‌లో తేదీ సవరించే పనిముట్టుకు ఫైలు పేరు నుంచి తేదీ తీసుకోమని చెప్పవచ్చు. ఇకముందు వచ్చేవాటికైనా, ఫోటోను డాక్యుమెంట్‌గా పంపమని చుట్టాలకు చెప్పండి. అప్పుడు ఫైలు ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

## గూగుల్ ఫోటోస్: చేరడం తేలిక, బయటికి రావడం కష్టం

ఫోన్‌లో తీసి, ఫోన్‌లోనే చూసుకుని, ఇంట్లో పదిమందికీ పంచుకునేవాళ్లకు ఇంతకంటే సులువైనది లేదు. ముఖాలు తనే గుంపులు చేస్తుంది. ఎంచుకున్న ముఖాలు ఆల్బమ్‌లోకి వాటంతట అవే చేరేలా పెట్టవచ్చు. మనవడి ఫోటోల ఆల్బమ్ లింకు ఒక్కసారి తాతగారికి పంపితే మళ్లీ మళ్లీ పంపక్కర్లేదు. ఒక ఆల్బమ్‌లో 20,000 దాకా పడతాయి.

2021 జూన్ 1 దాకా కాస్త నాణ్యత తగ్గించిన ఫోటోలకు హద్దు లేకుండా ఉచితంగా చోటు ఇచ్చేవారు. ఆ తర్వాత చేర్చినవన్నీ ఆ 15 జీబీ లెక్కలోకే వస్తున్నాయి. అందులో జీమెయిల్, డ్రైవ్ కూడా కలిసి ఉంటాయి. ఫోటో సగటున 4 ఎంబీ అనుకుంటే 3,750 ఫోటోలకు నిండిపోతుంది. వీడియోలు ఉంటే ఇంకా ముందే. నిండితే మెయిళ్లు రావడమూ ఆగుతుంది.

ఇక లంకెల సంగతి. మీరు అందులో మార్చిన తేదీ, రాసిన వివరణ, వేసిన చోటు ఏవీ ఫోటో ఫైల్లోకి వెళ్లవు. మన డేటాను దింపుకోవడానికి గూగుల్ ఇచ్చే టేకౌట్‌లో మొత్తం దింపుకుంటే ప్రతి ఫోటో పక్కన జేసన్ అనే వివరాల ఫైలు ఒకటి వస్తుంది, మీ మార్పులు అందులో ఉంటాయి. పేర్లు పొడుగైనవి మధ్యలో తెగిపోయి, ఏ జేసన్ ఏ ఫోటోదో పోల్చుకోవడం కష్టమవుతుంది. ఇప్పుడు దింపుకోవాలనుకునేవాళ్లు 2 జీబీ ముక్కలకు బదులు 50 జీబీ ముక్కలు ఎంచుకోండి. ఒకే ఆల్బమ్ పది జిప్‌లలో చెల్లాచెదురైతే, జేసన్ ఒకదాంట్లో, ఫోటో మరోదాంట్లో పడతాయి.

కాబట్టి దీన్ని పంచుకునే చోటుగా, మరో కాపీగా వాడండి. పేర్లు రాసుకునే చోటుగా వాడకండి. ఇప్పటికే పదేళ్ల పని ఇందులోనే చేసినవాళ్లు ఏడాదికోసారి టేకౌట్ తీసి హార్డ్ డిస్క్‌లో పెట్టుకోవాలి.

మ్యాక్, ఐఫోన్ రెండూ ఉన్న ఇంట్లో ఆపిల్ ఫోటోస్ ఇంచుమించు ఇదే పని చేస్తుంది, ఉచిత చోటు 5 జీబీ. బయటికి తీసేటప్పుడు ‘ఎక్స్‌పోర్ట్ అన్‌మాడిఫైడ్ ఒరిజినల్’ ఎంచుకుని, ఎక్స్‌ఎంపీ కూడా ఇవ్వమన్న పెట్టెకు టిక్ పెట్టాలి. లేకపోతే వ్యాఖ్యలు, కీవర్డ్‌లు లోపలే ఉండిపోతాయి.

## ఇమ్మిచ్: ఇంట్లో సర్వర్ నడపగలిగితే

గూగుల్ ఫోటోస్‌లా కనిపించే సాఫ్ట్‌వేర్‌ను మీ సొంత యంత్రం మీద నడుపుకోవడమే ఇమ్మిచ్. 2025 అక్టోబరులో 2.0 వచ్చాక దీన్ని స్థిరమైన వెర్షన్‌గా ప్రకటించారు. సర్వర్ సాఫ్ట్‌వేర్లను పెట్టి నడిపే డాకర్ అనే పనిముట్టు తెలిసి ఉండాలి. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్ సరిపోతుంది. ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండిటికీ యాప్ ఉంది.

ఫోన్ల నుంచి వచ్చే ఫోటోలు మామూలుగా అర్థంకాని పేర్ల ఫోల్డర్లలో పడతాయి. ఫోటోలు ఎక్కించకముందే స్టోరేజ్ టెంప్లేట్ ఆన్ చేసి, సంవత్సరం, నెల వారీగా ఫోల్డర్లు పడేలా చేయండి. రేపు ఇమ్మిచ్ లేకపోయినా ఫోల్డర్లు చదవగలిగేలా ఉంటాయి.

ఉన్న ఫోల్డర్లనే చూపించడానికి బయటి లైబ్రరీ పద్ధతి ఉంది. అందులో ఫోటోను అది ఫైలు ఉన్న దారిని (ఫోల్డర్ చిరునామాను) బట్టే గుర్తుపడుతుంది. ఫోల్డర్ పేరు మారిస్తే పాత ఫోటోను చెత్తబుట్టలో వేసి, కొత్తదిగా చేర్చుకుంటుంది. ఆల్బమ్‌లో దాని చోటు పోతుంది. ఫోల్డర్ల పేర్లు ఖరారయ్యాకే బయటి లైబ్రరీ కలపాలి.

అర్థాన్ని బట్టి వెతికే సౌకర్యానికి మొదట ఉండే ఏఐ మోడల్ ఇంగ్లిష్‌కే. ‘ముగ్గు’ అని తెలుగులో కొడితే ఏవేవో వస్తాయి. సెట్టింగ్స్‌లో పలుభాషల మోడల్ పేరు ఇచ్చి, స్మార్ట్ సెర్చ్ పనిని అన్ని ఫోటోల మీదా మళ్లీ నడపాలి. పాత యంత్రం మీద అది రాత్రంతా పట్టవచ్చు.

మన దగ్గర చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ చిరునామా ఇవ్వరు. పోర్టు తెరిచినా బయటి నుంచి అందదు. పరికరాలను సొంత ప్రైవేటు నెట్‌వర్క్‌గా కలిపే టెయిల్‌స్కేల్ వంటిది పెట్టుకుంటే హ్యూస్టన్‌లో ఉన్న కూతురి ఫోన్‌కు కూడా ఇంటి సర్వర్ అందుతుంది. కరెంటు పోయే ఊళ్లలో సర్వర్‌ను యూపీఎస్ మీద పెట్టండి. రాస్తున్న మధ్యలో ఆగితే ఇమ్మిచ్ వాడే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు, డిస్క్‌కు రెండిటికీ ముప్పే. బ్యాకప్ అంటే ఫోటోల ఫోల్డర్, డేటాబేస్ రెండూ. ఒక్కటే ఉంటే సగమే ఉన్నట్టు.

## జత కట్టి వాడితే

ఒక్కదాన్నే ఎంచుకోవాలన్న నియమం లేదు. ఇంటి ఫోటోలకు బాగా కుదిరే జత: కంప్యూటర్లో డిజికామ్‌తో పేర్లు, తేదీలు ఫైల్లోకి రాయడం, చూసుకోవడానికి అదే ఫోల్డర్‌ను ఇమ్మిచ్‌కు చదవడానికి మాత్రమే చూపించడం. ఫైల్లో ఉన్న ముఖాల పేర్లను తీసుకోమని ఇమ్మిచ్ మెటాడేటా సెట్టింగ్స్‌లో చెప్పవచ్చు. సర్వర్ పెట్టలేనివాళ్లు ఇమ్మిచ్ బదులు గూగుల్ ఫోటోస్‌లోకి, ట్యాగు వేసిన తర్వాత, ఎంచుకున్నవాటినే పంపుకోవచ్చు. స్టూడియోలకు లైట్‌రూమ్ ఒక్కటే చాలు. పెళ్లివారికి పెన్ డ్రైవ్ ఇచ్చే ముందు మెటాడేటా ఫైల్లోకి రాసి ఇస్తే ఆ ఇంటివాళ్లకు ఎంతో ఉపకారం. ఫైలు పేర్లకు తేదీ కూడా చేర్చండి. కెమెరా లెక్క 9999 దాటాక మళ్లీ మొదటికి వస్తుంది, రెండు పెళ్లిళ్ల ఫోటోలు ఒకే పేరుతో ఒకదాని మీద ఒకటి పడతాయి.

## ఎంచుకునే ముందు 200 ఫోటోలతో పరీక్ష

1. ఫోన్‌వి, వాట్సాప్‌వి, స్కాన్ చేసినవి, కెమెరావి కలిపి 200 ఫోటోలను వేరే ఫోల్డర్లోకి కాపీ చేయండి.
2. పది ఫోటోలకు తెలుగు ట్యాగులు, ఐదు ముఖాలకు పేర్లు, రెండిటికి పాత తేదీలు, ఒక ఆల్బమ్ పెట్టండి.
3. సాఫ్ట్‌వేర్ మూసి, ఒక ఫోల్డర్ పేరు బయట నుంచి మార్చండి. మళ్లీ తెరిచి ఏం తెగిందో చూడండి.
4. ఆ 200 ఫోటోలను, పక్క ఫైళ్లతో సహా, మరో కంప్యూటర్లోకి తీసుకెళ్లండి. డేటాబేస్‌ను మాత్రం తీసుకెళ్లవద్దు. క్లౌడ్‌లో ఉన్నవైతే టేకౌట్‌లో దింపి తీసుకెళ్లండి.
5. అక్కడ వేరే సాఫ్ట్‌వేర్లో తెరిచి, పెట్టిన ట్యాగుల్లో ఎన్ని, పేర్లలో ఎన్ని, తేదీల్లో ఎన్ని మిగిలాయో కాగితం మీద లెక్క రాయండి.

ఐదో మెట్టులో పది ట్యాగులకు పది రాకపోతే, ముందు ఫైల్లో రాయమన్న సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో చూసి మళ్లీ చేయండి. రెండోసారీ రాకపోతే, మిగతా 40,000 ఫోటోలకు అందులో పేర్లు పెట్టడం మొదలుపెట్టవద్దు.